తూర్పు బెంచి పలకలేదు

మొన్న నరసరావుపేటలో ఒక పెళ్లి భోజనానికి కూర్చున్నాను. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి వాకీటాకీలో ఎవరినో రెండుసార్లు పిలిచాడు. అవతల నుంచి బరబరమన్న చప్పుడే తప్ప మాట లేదు. అతను పట్టించుకోకుండా సెట్టు నడుముకు తగిలించుకున్నాడు. నేను మాత్రం చేతిలో ముద్ద విస్తరిలో పెట్టేశాను. పిచ్చిదాన్ననుకుంటే అనుకోనీ, లేచి వెళ్లి పార్కింగులో ఉన్న అతని జోడీ మనిషిని కళ్లారా చూసి వచ్చాకే మళ్లీ విస్తరి ముందు కూర్చున్నాను. ఈ జబ్బు నాకు అంటించినవాడు కోటయ్య బాబాయి.

గురజాల వైపు ఒక సున్నపురాయి గనిలో నేను ఇంజనీరుగా చేరిన కొత్త. పేలుళ్లకు ముందు అందరూ దూరం వెళ్లారో లేదో రేడియోలో కనుక్కోవడం నా పని. కోటయ్య అక్కడ పాత మేస్త్రీ. పనివాళ్లందరికీ బాబాయి కాబట్టి నాకూ బాబాయే. సెట్టు పెట్టె మీద మాట అయిదు కిలోమీటర్లు అందుతుందని రాసి ఉంది, మన గని మొత్తం కలిపినా అంత లేదు కదా అని నేను గొప్పగా అన్నాను. ఆయన నవ్వలేదు. ఒక సెట్టు నా చేతికిచ్చి, మాట్లాడుతూ కిందికి దిగమన్నాడు. రాతిగోడ మలుపు తిరిగి ఇరవై అడుగులు వేశానో లేదో ఆయన గొంతు తెగిపోయింది. రెండడుగులు పక్కకు జరిగితే మళ్లీ వచ్చింది. ఆ ఎండలో గనంతా తిప్పి, మాట అందని ప్రతి చోటా నా చేతే సున్నంతో గీత గీయించాడు.

“పెట్టె మీద రాసినోడు మన గుంటలోకి దిగలేదమ్మాయ్,” అన్నాడు.

ఇక నాకంతా తెలిసిపోయిందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వారం తిరగలేదు. ఆ మధ్యాహ్నం రాతిలో మందు దట్టించి ఉంది, మాచర్ల వైపు మబ్బు పట్టింది. పిడుగు పడితే మందు దానంతటదే పేలుతుంది, ఆలోపే పేల్చేయాలని మేనేజరు ప్రాణం తీస్తున్నాడు. నాలుగు కాపలా చోట్లనూ పిలిచాను. మూడు పలికాయి. గనిలో మెట్లుగా తవ్విన అంతస్తులను బెంచీలంటారు. అట్టడుగున తూర్పు బెంచి దగ్గర కాపలా ఉన్న మరియమ్మ పలకలేదు. అక్కడ నా సున్నపు గీత లేదు, పొద్దున ఆమె గొంతు శుభ్రంగా వినిపించింది కూడా. సైరన్ విని వెళ్లిపోయి ఉంటుందిలే అనుకుని, అంతా ఖాళీ అని చెప్పేశాను.

పేల్చే పెట్టె తాళం కోటయ్య చేతిలో ఉంది. తూర్పు నుంచి ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ వద్దనలేదు కదా బాబాయ్ అన్నాను.

“పలక్కపోతే సరేనన్నట్టా అమ్మాయ్?”

తాళం జేబులో వేసుకుని దిగిపోయాడు. ఆ పూట టిప్పర్లు కొత్తగా పోసిన రాళ్ల గుట్ట దాటగానే ఆయన సెట్టూ మూగబోయింది. అప్పుడు అర్థమైంది నాకు, పొద్దున అక్కడ ఆ గుట్ట లేదని. ఉరుము వినబడింది. మేనేజరు ఏదో అంటున్నాడు, నా చెవికి ఎక్కలేదు. బాబాయిని చేజేతులా చావులోకి పంపానని ఆ గుట్ట వైపే చూస్తూ నిలబడ్డాను.

పావుగంటకు ఇద్దరూ పైకి వచ్చారు. మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన బెంచి మీదికి వచ్చేశాడట, ఆయన్ని బయటికి పంపి వచ్చారు. మరియమ్మ రొప్పుతూ నా దగ్గరికే వచ్చింది.

“ఆపండి ఆపండని పదిసార్లు మొత్తుకున్నా మేడం. వినపడేగా ఆపారు?”

కోటయ్య నా వైపు చూశాడు. నువ్వే చెప్పమన్నాడు.

“వినపడలేదు మరియమ్మా,” అన్నాను. ఆమె అక్కడే కూలబడింది.

కోటయ్య పోయి రెండేళ్లయింది. నేను వేరే గనిలో ఉన్నాను. సెట్టు పలక్కపోతే నేనే దిగి వెళ్తాను. చాలాసార్లు బ్యాటరీ అయిపోయి ఉంటుంది, మనిషి క్షేమంగానే ఉంటారు, పైన వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. మలుపు తిరిగి మనిషి కనబడేదాకా, ఆపమని అరుస్తూనే ఉన్నారేమోనని పరుగులాంటి నడకే నాది.