తలుపు తీస్తేనే వెలిగే లైట్లు

ఆ రోజుల్లో కరెంటుకు ఏదైనా సందేహం వస్తే నన్నే అడిగి ముందుకు పారుతుందని నా గట్టి నమ్మకం. ఐటీఐ పాసై, జహీరాబాద్ బైపాస్ మీద ఒక ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో చేరి, దేశంలోని హారన్లన్నింటికీ నేనే దిక్కన్నట్టు తిరిగేవాణ్ణి. (నేను బిగించిన హారన్లలో సగం బ్రేకు తొక్కితే మోగేవి. అదొక భద్రతా ఏర్పాటని ఓనర్లకు చెప్పేవాణ్ణి.) అంత ధీమా ఉన్న ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే ముందు లాగి ఒకటి పీకి, ఆ తర్వాతే టీ ఇప్పిస్తాను.

అప్పట్లో నేను మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. మా బావ తన పికప్ బండిలో అల్లం మూటలు వేసుకుని బొంబాయి పోయేవాడు. తిరిగొచ్చేసరికి ఇక్కడ ఋతువులు మారిపోయేవి. ఒకసారి ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన కన్నబిడ్డే, "అమ్మా, ఎవలో అంకుల్ అచ్చిండు" అంది. ఆ రోజు నుంచి అక్క ఆయనతో మాట్లాడటం మానేసింది. సరిగ్గా అప్పుడే చిరాగ్‌పల్లి దగ్గర హైవే మరమ్మతు పని మొదలైంది. కూలీల వెనకాలే మెల్లగా నడుస్తూ, వచ్చే లారీలను హెచ్చరించడానికి కాంట్రాక్టరుకు ఒక పికప్ కావాలట. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. షరతు ఒక్కటే: బండి నెత్తి మీద పసుపు రంగు స్ట్రోబ్ లైట్లు ఉండాలి. (మా వైపు చమక్ లైట్లంటేగాని ఎవరికీ అర్థం కాదు.)

బావ బండికి కొత్త రంగు వేయించి, కొబ్బరికాయ కొట్టించి, నన్ను పిలిచాడు.

"బామ్మర్దీ, ఇది పూజ జేసిన బండి. రంగు మీద ఒక్క గీత పడ్డదనుకో, రెండోది నీ ఈపు మీద పడ్తది."

"ఫికర్ జెయ్యకు బావా. లైట్లు పెట్టినట్టు బండికి గూడ ఎర్కుండది."

అన్నమాట ప్రకారం పైకప్పుకు ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. ఇనుప క్యారియర్ తెచ్చి, దాని కాళ్లకు ట్యూబు రబ్బరు ముక్కలు చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు బండి మీద పెట్టి అంచులకు బిగించాను. లైట్లకు ఒక తీగ స్విచ్చు నుంచి తీసుకున్నాను. రెండోది, అంటే కరెంటు తిరిగిపోవడానికి బండి ఇనుముకు తగలాల్సిన ఎర్తు తీగ, ఆ క్యారియర్‌కే తగిలించాను. డ్రైవరు తలుపు తెరిచి, బయట నిలబడే చెయ్యి లోపలికి పెట్టి స్విచ్చు నొక్కాను. ఆ చమక్కులకు బీదర్‌లో కోళ్లు తెల్లారిందనుకుని కూశాయి. అక్క బయటికొచ్చి, ఎన్నాళ్లకో బావ మొహం చూసింది.

"రేపటి సంది రాత్రి బువ్వ ఇంటికాడనే తింటవా?"

"గీ లైట్ల మీద ఒట్టు," అన్నాడు బావ.

మర్నాడు చిరాగ్‌పల్లి దగ్గర సూపర్‌వైజరు, గుమ్మడికాయంత పసుపు టోపీ కింద ఒక సన్నటి మనిషి, బండి నడపమన్నాడు. బావ ఎక్కి, తలుపేసి, స్విచ్చు నొక్కాడు. లైట్లు వెలగలేదు. ఏమైందోనని తలుపు తెరిచి దిగాడు. భగ్గున వెలిగాయి. సంతోషంగా మళ్లీ ఎక్కి తలుపేశాడు. ఆరిపోయాయి. నేను ఫ్యూజు మార్చాను. స్విచ్చు పీకి తీగలు నేరుగా కలిపాను. బ్యాటరీ మొనలను పెళ్లివారి గిన్నెల్లా తోమాను. నేను తలుపు తెరిచి పనిచేస్తున్నంతసేపూ అవి దివ్యంగా వెలిగేవి. బావ లోపల కూర్చుని తలుపేయగానే చచ్చిపోయేవి.

"ఏమయ్యా, నువ్వు దిగితె ఎలుగుతయి, ఎక్కితె ఆర్తయి. బండికి నువ్వంటె పడదా?" అన్నాడు టోపీ సార్.

"గట్లేం లేదు సార్. కొత్త రంగు గద, జర సిగ్గువడ్తున్నది."

చివరికి బావ ఒక చేత్తో తలుపు తెరిచి పట్టుకుని, ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ, చమక్ చమక్‌మంటూ ఊరేగాడు. కూలీలు చప్పట్లు కొట్టారు. సార్ కొట్టలేదు.

"లారీల కంటె ముందు నిన్నే ఆపాలె తమ్మీ. పో ఇంటికి."

ఇంతలో కోహీర్ నుంచి ఇంకో పికప్ వచ్చింది. దాని నెత్తి మీద లైటుంది. దాని తీగ మాత్రం దేనికీ తగలకుండా కిటికీ బయట తోకలా వేలాడుతోంది. సార్‌కు అప్పటికి అన్నం వేళయింది. తలెత్తి చూసి, "లైటున్నది. పనిల దిగు," అన్నాడు.

సార్ మనసు మారుతుందేమోనని పొద్దుగూకేదాకా అక్కడే నిలబడ్డాం. అది మారే జాతి కాదు. ఇక పోదామని బావ తలుపు తెరిచినప్పుడు, మసక చీకట్లో నాకొక చిన్న నిప్పురవ్వ కనబడింది. తలుపు పైఅంచు క్యారియర్ కాలికి తగులుతోంది. మేం ప్రాణంలా కాపాడిన రంగు అక్కడ ఎప్పుడో లేచిపోయింది. నా రబ్బరు ముక్కలు కరెంటు దారికి అడ్డుపడితే, తెరిచిన తలుపు ఒక్కటే దానికి దారి ఇస్తోంది!

బావకు చెప్పాను. ఆయన తిట్టలేదు. నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, ఒక కాలి రబ్బరు పీకేసి, దాని కింద రంగును తానే గోరంత గీకాడు. కాలు మళ్లీ బిగించి, తలుపేసి, స్విచ్చు నొక్కాడు. వెలిగాయి.

"ఇంకెందుకు బావా, బంద్ జెయ్యి."

"ఉండనీ. ఇంటిదాకన్న ఎలగనీ."

హైదరాబాద్ పోయే లారీలు, బస్సులు ఏ మంత్రిగారో వస్తున్నాడనుకుని మాకు దారి ఇచ్చాయి. అక్క దూరం నుంచే చూసినట్టుంది. బిడ్డను చంకన వేసుకుని గేటు దగ్గరికొచ్చింది. ఆమె అంతగా నవ్వడం పెళ్లిలో కూడా నేను చూడలేదు.

"పని దొరికినట్టేనా?"

బావ స్విచ్చు ఆపి, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. మరుసటి వారం అల్లం మూటలతో బొంబాయి పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు అలాగే పోయాడు. కానీ ఆ సాయంత్రం, ఆ గేటు దగ్గర, అక్క మొహంలో నవ్వు ఆరిపోతుండగా, నోరు మూసుకోవాల్సిన ఐటీఐ ఫస్టుక్లాసు వీరుడొకడు బండి దిగాడు. వాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడు అక్క దగ్గరికి పోయి, ఛాతీ విరుచుకుని అన్నాడు గదా:

"ఏదేమన్న గానీ అక్కా, లైట్లు మాత్రం మస్తు ఎలుగుతున్నయి!"