సలోమి మేడమ్ కొట్టేయించిన పేరా

పోయిన నెలలో మా కాలేజీలో పనిచేసే ఒకావిడ ఇంట్లో పెళ్ళికని చీరాల వెళ్ళాను. స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి సందుల్లోంచి పోతుంటే రెండు వైపులా మరమగ్గాల చప్పుడు మొదలైంది. చెవుల్లో టకటకమని కొట్టే చప్పుడు, దాంతోపాటు నూలు దుమ్మూ మిషన్ నూనే కలిసిన వాసన. ఆటో అతను కల్యాణ మండపం ఎటువైపని అడిగాడు, చెప్పాను. అతను అద్దంలోంచి నన్ను చూసి, "నేనేమన్నా అన్నానా మేడమ్, అంత కేకలేస్తున్నారు?" అన్నాడు. అరుస్తున్నానని అప్పుడుగాని నాకు తెలియలేదు. ఆ చప్పుడు వింటే నా గొంతు దానంతటదే లేస్తుంది. అది సలోమి మేడమ్ చేసిన అలవాటు. ఆవిడ పోయి నాలుగేళ్ళవుతున్నా అది మాత్రం పోలేదు.

సలోమి మేడమ్ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం చీరాలలో ఎవరికీ ఉన్నట్టు లేదు. మరమగ్గాల షెడ్డుకు ఆనుకుని ఒక రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వసారా. స్కాలర్‌షిప్ మీద విదేశాల్లో చదవాలనుకునే పిల్లలు దరఖాస్తుతో పాటు తమ గురించి రాసి పంపాల్సిన వ్యాసాలు పట్టుకుని ఆ వసారాలోకి వచ్చేవారు. ఆవిడ ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవారు కాదు, బిస్కెట్లు పెట్టి మరీ తిట్టేవారు. ఏడవకుండా ఆ గేటు దాటి బయటికొచ్చిన వాళ్ళని నేనైతే చూడలేదు.

నేను వెళ్ళేనాటికి నా దరఖాస్తును ఒకసారి తిరస్కరించేశారు. ఎమ్మెస్సీ అయిపోయి, గుంటూరులో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తూ, పనిచేసే చోట దుమ్ము మనిషి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో చదవాలని పట్టుబట్టి కూర్చున్నాను. ఆ చదువుకి ఒక విదేశీ యూనివర్సిటీ పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తుంది, కానీ దానికి వయసు పరిమితి ఉంది. ఇంకొక్కసారి మాత్రమే రాయగలను. మొదటిసారి ఒక కన్సల్టెన్సీ అతను నా వ్యాసం చూసి, "అంతా బాగుందిగానీ ఏడుపు సరిపోలేదండీ, అమ్మగారి గురించి ఇంకాస్త దట్టించండి" అన్నాడు. దట్టించాను. రాలేదు. ఇక ఈసారి పోతే జీవితాంతం ఆ ల్యాబులో సీసాలు కడుక్కుంటూ ఉండాల్సిందేనన్న భయం నన్ను గుంటూరు నుంచి చీరాల దాకా తరిమింది.

మేడమ్ కాగితాలు చేతికి తీసుకోలేదు. ఎదురుగా చోటు చూపించి, "నిలబడి చదువు. మగ్గానికి వినపడాలి" అన్నారు. ఆవిడ దగ్గర పద్ధతి అంతే. ఎవరైనా సరే తమ వ్యాసాన్ని ఆ చప్పుడు మీద గొంతు లేపి చదవాలి. ఏ వాక్యం దగ్గర గొంతు దిగిపోతే ఆ వాక్యాన్ని కొట్టేయాలి. ఆవిడ మన నోటినే చూస్తూ కూర్చునేవారు, కళ్ళు ఆర్పేవారు కాదు. నేను చదివాను. పేదరికంలో పుట్టాను, ఎన్నో కష్టాలు పడ్డాను, దేవుడి దయవల్ల, గురువుల ఆశీస్సుల వల్ల ఇంతదాన్నయ్యాను, ఈ అవకాశమిస్తే మా వాళ్ళందరికీ వెలుగునిస్తాను. ఇంగ్లీషులో ఇంకా ఘనంగానే ఉందిలెండి. చదవడం అయిపోయాక ఆవిడ అడిగారు.

"మీది ఏ సంఘమే?"

ఇదేం ప్రశ్న అనుకుంటూనే మా ఊరి చర్చి పేరు చెప్పాను.

"అనుకున్నాను. ఆదివారం లేచి చెప్పే సాక్ష్యం రాసుకొచ్చావు. నేనేమీ కాని దాన్ని, ఇన్ని శ్రమలు పడ్డాను, ఆయన నన్ను లేవనెత్తాడు, అందరూ చప్పట్లు కొట్టండి. అంతేగా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా పేటలో పిల్లలందరం అలాగే పెరిగాం. పదో తరగతి పాసైనా, జ్వరం తగ్గినా, చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. కష్టంతో మొదలుపెట్టాలి, విజయంతో ముగించాలి. మధ్యలో ఏడుపొస్తే మరీ మంచిది. మాకు మా గురించి చెప్పుకోవడం వచ్చిన పద్ధతి అదొక్కటే. ఆ సంగతి మేడమ్‌కు బాగా తెలుసు, ఆవిడా అలాంటి పేటలో పుట్టిన మనిషే. "నేనూ చెప్పానే సాక్ష్యాలు, తక్కువ తినలేదు. దేవుడికి చెప్పుకునేదానికి వంక పెట్టను. ఆయనకి అంతా ముందే తెలుసు కాబట్టి సరిపోతుంది. స్కాలర్‌షిప్ ఇచ్చే ఈ కమిటీవాళ్ళకి నువ్వెవరో తెలియదు కదా. నువ్వేం చేశావో ఒక్క ముక్క లేదు ఇందులో" అన్నారు.

రెండోసారి వెళ్ళినప్పుడు అమ్మ గురించిన పేరా దగ్గర నా గొంతు దిగింది. మా అమ్మ మార్తమ్మ మిర్చి షెడ్డులో తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఎండు మిరపకాయల గుట్టల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని పొద్దస్తమానం తొడిమలు తుంచుతారు. ఆ ఘాటూ దుమ్మూ కలిసి అమ్మకు దగ్గు పట్టుకుంది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆగదు. దగ్గి దగ్గి ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడిపోయేది. అదంతా రాశాను. గుడ్డ మీద నెత్తురు మరక కూడా రాశాను. అది చదువుతుంటే మాట బయటికి రాలేదు.

"ఎందుకు ఆగావు?"

"బాధగా ఉంది మేడమ్."

"బాధైతే నీ నోరు వణికేది. నువ్వు తల దించుకున్నావు. మీ అమ్మని అడిగావా ఇది రాస్తానని?"

అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. అమ్మ గురించి రాయడానికి అమ్మని అడగడమేమిటి? ఆ మాటే అన్నాను. ఆవిడ కోపంగా బిస్కెట్ల పళ్ళెం పక్కకు నెట్టి, "ఆ దగ్గు నీదా? దగ్గేది ఆవిడ. వెళ్ళి అడిగిరా. సరేనంటే ఉంచు, వద్దంటే కొట్టెయ్" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. రైల్లో గుంటూరు దాకా ఆవిడను మనసులో తిట్టుకుంటూనే వచ్చాను. ఇంటికెళ్ళేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని మండుతున్న చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. పక్కన కూర్చుని విషయం చెప్పాను. ఆ పేరా తెలుగులో చెప్పి వినిపించాను. నూనె రాసుకునే చెయ్యి ఆగిపోయింది.

"ఏందే, నా దగ్గు సంగతి దొరలకి రాత్తావా?"

"సీటు రావాలంటే రాయాలమ్మా."

"నన్ను ఒక్కరోజన్నా చూసినోళ్ళా వాళ్ళు? చూడకుండానే అయ్యో పాపం అనుకోవాలా? వొద్దు. రాసేదుంటే నేను ఎంత బాగా ఒలుత్తానో అది రాయి. తొడిమ మిగిలిందేమోనని మేస్త్రి నా గంపని తిరిగి చూడడు, తెలుసా? నా దగ్గు మాత్రం రాయమాక."

ఆమె గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. షెడ్డులో ఎవరికీ తెలియకుండా గోడ చాటుకు పోయి దగ్గే మనిషి ఆమె. దగ్గుతోందని తెలిస్తే రేపటినుంచి పనికి రావద్దంటారు. నేను ఆ గోడ చాటుని తీసుకెళ్ళి సముద్రాల అవతలివాళ్ళ ముందు పెట్టబోయాను.

"వద్దంది మేడమ్. ఇంక నా దగ్గర రాయడానికేముంది?" అని వసారాలో కూలబడ్డాను. ఏడ్చాను కూడా. ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చే మనిషి కాదు. "దుమ్ము గురించి నువ్వేమన్నా చేశావా, లేక చూస్తూ కూర్చున్నావా?" అని అడిగారు. చెప్పడానికి సిగ్గుపడుతూనే చెప్పాను. ఎమ్మెస్సీ చదివేటప్పుడు ప్రాజెక్టు పని అని చెప్పి అమ్మవాళ్ళ షెడ్డులో అక్కడక్కడా తెల్లగుడ్డలు కట్టాను. ఏ మూల గుడ్డ ఎక్కువ ఎర్రబడుతుందో చూశాను. పెద్ద తలుపు తెరిచి ఉంచితే దుమ్ము బాగా తగ్గుతోందని తేలింది. మేస్త్రిని బతిమాలి తలుపు తెరిపించాను. వారం తిరక్కుండానే తలుపు మూసేశారు. మూసింది మేస్త్రి కాదు, ఆడవాళ్ళే. ఎండ లోపలికి పడితే కాయ రంగు వెలిసిపోతుంది. రంగు పోతే ధర పోతుంది, ఆ మాట వాళ్ళ మీదికొస్తుంది. అందుకని మా అమ్మే లేచి వెళ్ళి తలుపు మూసింది. అలా నా ప్రయోగం నవ్వులపాలైంది.

మేడమ్ కుర్చీలో ముందుకు జరిగారు. "పిచ్చిమొహమా, ఇది దాచిపెట్టి ఇన్నాళ్ళూ ఏడుపు మోసుకొచ్చావా! ఇది రాయి. ఓడిపోయానని రాయి."

"ఓడిపోయానంటే ఎవరిస్తారు మేడమ్?"

"గెలిచినదానివి ఇంక చదవడమెందుకు? రంగు పోకుండా దుమ్ము తగ్గేదెలాగో నీకు తెలియదు. తెలియదని రాసి ఆపెయ్. చివర్లో స్తోత్రాలు పెట్టావంటే ఈ గేటు లోపలికి రానివ్వను."

ఆ చలికాలమంతా ఆదివారాలు చర్చి మానేసి చీరాల వెళ్ళాను. చదవడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం. ఒక్కో వాక్యాన్నీ మగ్గాల మీద అరిచి అరిచి, చివరికి మొదటినుంచి చివరిదాకా గొంతు దిగకుండా చదవగలిగిన రోజున ఆవిడ ఒక్కసారి తలూపారు. అంతకుముందు ఎవరూ నన్ను అంతగా మెచ్చుకోలేదు.

వ్యాసం పంపాను. తుది జాబితా దాకా వెళ్ళింది. కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ చేశారు. వాళ్ళు తలుపు సంగతే తరిచి తరిచి అడిగారు, నవ్వుతూ అడిగారు. వస్తుందనే అనుకున్నాను. అమ్మ నా కోసం చలికోటు ఎక్కడ దొరుకుతుందని పక్కింటివాళ్ళని వాకబు చేసింది. ఎండలు ముదిరాక ఒక మెయిల్ వచ్చింది. మీ దరఖాస్తు ఎంతో బాగుంది, కానీ ఎంపికైనవాళ్ళ తర్వాతి వరసలో ఆగిపోయారు, విచారిస్తున్నాం అని ఉంది. ఎవరైనా మానుకుంటారేమోనని ఎదురుచూశాను. ఎవరూ మానుకోలేదు. నా వయసు గడువు కూడా దాటింది.

మేడమ్‌కు ఫోన్ చేస్తే ఎప్పుడూ ఎత్తరు, ఏదైనా మెసేజీ పెట్టమంటారు. ఇది మెసేజీలో పెట్టలేక స్వయంగా వెళ్ళాను. ఆ రోజు కరెంటు లేదు. మగ్గాలన్నీ ఆగిపోయి వీధంతా నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ నాకు వీపు పెట్టి ఫ్లాస్కులోంచి టీ వంచుతున్నారు. "రాలేదు మేడమ్" అన్నాను. ఆవిడ పలకలేదు. మళ్ళీ చెప్పాను. ఆవిడ కప్పులు సర్దుకుంటూ, "ఇవాళ ఎండ చూశావూ, చంపేస్తోంది" అన్నారు. అప్పుడర్థమైంది. ఆవిడకి వినపడదు. అన్నేళ్ళు ఆ షెడ్డు పక్కన బతికి చెవులు పోగొట్టుకున్నారు. మా గొంతుల్ని ఆవిడ ఏనాడూ సరిగ్గా విననేలేదు, మా ముఖాల్ని చదివారు. ఆవిడ ఇటు తిరిగేదాకా ఆగితే సరిపోయేది, అంత తెలివి నాకా క్షణంలో లేకపోయింది. "రాలేదు!" అని అరిచాను. ఆ నిశ్శబ్దంలో వీధి వీధంతా విన్నది. మగ్గాలవాళ్ళు తలుపుల్లోంచి తొంగిచూశారు.

ఆవిడ ఇటు తిరిగి నా ముఖం చూశారు. చేతిలో కప్పు కింద పెట్టారు. తర్వాత మెల్లగా, తనకే వినపడనంత మెల్లగా అన్నారు. "అమ్మ దగ్గు ఉంచనిచ్చుంటే వచ్చేదేమోనే. నేనే చెడగొట్టానేమో."

కాదు మేడమ్ అని తల అడ్డంగా ఊపాను. ఆవిడ నమ్మలేదు. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక సందర్భంలో అదే మాట తెచ్చేవారు. మంచాన పడ్డాక కూడా నా చెయ్యి పట్టుకుని అదే అడిగారు. అంత కరుకు మనిషి నా దగ్గర అలా చిన్నబోతుంటే చూడలేకపోయేదాన్ని. ఇంట్లో అమ్మదీ అదే పాట. "రాసుకోమంటే పోయేదానికి, నా పంతం నీ సీటు మింగింది" అని కళ్ళు తుడుచుకునేది. అప్పుడు కొట్టెయ్యమన్న వాళ్ళిద్దరూ నా కోసం తమ మాటను వెనక్కి తీసుకున్నారు. ఉంచి ఉంటే వచ్చేదేమో, నాకూ తెలియదు. కొన్ని రోజులు వచ్చేదనే అనిపిస్తుంది. అయినా ఆ పేరాను కొట్టేసినందుకు నేను ఒక్కనాడూ వాళ్ళను తప్పుపట్టలేదు.

ఇప్పుడు గుంటూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. షెడ్డు తలుపు ఇంకా మూసే ఉంది. మా పిల్లలు వ్యాసాలు పట్టుకుని నా దగ్గరికీ వస్తారు, ఇంటివాళ్ళ జబ్బులూ అవమానాలూ రాసుకుని. వాళ్ళని అడిగావా అంటే తెల్లమొహం వేస్తారు. అడిగి రమ్మని పంపుతాను. కొందరు మళ్ళీ రారు. పోగొట్టుకునేది వాళ్ళే కదా, ఆ అధికారం నాకెక్కడిదని భయమేస్తుంది, అయినా పంపుతాను.

అమ్మ పని మానేసి మూడేళ్ళయింది. ఆక్సిజన్ మిషన్ లేకుండా గుమ్మం దాకా కూడా నడవలేదు. ఇది రాయడానికి ముందు ఆమె మంచం దగ్గర కూర్చుని, మేడమ్ గురించి రాయాలనుకుంటున్నాను, నీ దగ్గు సంగతి రాకుండా కుదరదు, రాయనా అని అడిగాను. ఆయాసం తగ్గేదాకా ఆగి అడిగింది.

"దేనికన్నా పెట్టుకుంటన్నావా? సీటుకా?"

"లేదమ్మా. దేనికీ కాదు."

"అయితే రాయి" అంది.