ఎలీయేజరన్నయ్య టార్చి

పొద్దున్నే కళ్ళు తెరిచి ప్రార్థన చేసుకుని, ఆమెన్ అనీ అనకముందే దిండు కింద టార్చి తడుముకునే మనిషి మా ఎలీయేజరన్నయ్య. ఎక్కడ కన్నం కనబడినా అందులో టార్చి వేసి చూడందే ఆయనకు కాలు నిలవదు. అరకు దగ్గర మా కొండవాలు ఊరికి ఊటనీళ్ళు తెచ్చే గొట్టాలను ముప్పై ఏళ్ళు బాగుచేశాడు. ఆ పని మానేశాడు గాని టార్చి మానలేదు.

"పైకి సూత్తే ఏటి తెలుస్తాది తమ్ముడూ? లోన సూడాల!" అంటాడు.

ఒక ఆదివారం పాస్టరు గారు పాట ఎత్తుకోబోయి నోరు తెరిచారు. ముందు వరసలో టార్చి వెలిగింది. "అయ్యగారూ, ఎడం దవడ పన్ను పుచ్చిపోనాది. పాట కానీండి."

పాట ఎక్కడ కానిస్తాం, సంఘమంతా నవ్వు. మర్నాడు పాస్టరు గారు పాడేరు వెళ్ళి పన్ను పీకించుకొచ్చిన మాట మాత్రం నిజం.

సంతలో వెదురు గొట్టాల్లో కాల్చిన బొంగు చికెన్ అమ్మే గాసి అయితే ఈయన దూరాన కనబడగానే రెండు చేతులూ ఎత్తేస్తాడు. "లోన కోడే ఉంది బావూ! ఎలుగ్గొడ్డు లేదు!"

అందరికన్నా ఎక్కువ బాధపడింది పైడితల్లప్ప. కొండమీద చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలామె. రోజూ తెల్లారేసరికి ఆమె మంచినీళ్ళ కుండలో టార్చి పడాల్సిందే. "పాచి!" అని తీర్పు చెప్పి, ఉన్న నీళ్ళు పారబోసి, నలభై మెట్లు దిగి, కుళాయి దగ్గర కుండ తోమి నింపుకొచ్చి పెడతాడు.

"ఊరందరి కుండల్లో లేని పాచి నా కుండలోనేనేట్రా, పాచి మొకమోడా!" అని ఆమె తిట్లు లంకించుకుంటే కింద కుళాయి దాకా వినబడేవి. మేం నవ్వుకునేవాళ్ళం.

ఈమధ్య ఆ మెట్లెక్కుతూ రొమ్ము పట్టుకుని కూర్చుండిపోతున్నాడు. విశాఖలో ఉంటున్న కూతురు డాలీ పట్టుబట్టి అక్కడి పెద్దాసుపత్రికి రమ్మంది. నేను తోడు వెళ్ళాను. ఆ రోజు కూడా కుండ నింపాకే బస్సెక్కాడు. "సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేద్దాం" అని దారి పొడుగునా పదిసార్లు అన్నాడు.

మణికట్టు దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి ఫిల్ము తీశారు. ఆయన టార్చి జేబులో వేసుకుని నేను అద్దం అవతల నిలబడ్డాను. మైకులో మాటలు వినబడుతున్నాయి.

"గుండెకు నెత్తురెళ్ళే దారి కొంచెమే సన్నబడినట్టుంది. కాని గోడలో ఏముందో ఈ ఫిల్ములో తెలియదు" అంది డాక్టర్ నిర్మల. "చివర వెలుగున్న తీగను రక్తనాళంలోకి పంపి చూస్తాం."

"గొట్టంలో టార్చా!" లేచి కూర్చోబోయాడు అన్నయ్య. నర్సు భుజాలు పట్టి పడుకోబెట్టింది. "ఆ తెర ఇటు తిప్పమ్మా! మెల్లగా లాగు, గోడ గీసుకుంటాది!"

"నాకు తెలుసు తాతగారూ. కదలకండి."

తెరమీద పసుపు మచ్చ కనబడింది. "ఈ పసుపంతా కొవ్వు. దాని మీదున్న పొర బాగా పల్చగా ఉంది. చిట్లితే నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది."

"పాచి! నా లోనా పాచే!" పిల్లాడిలా మురిసిపోయాడు.

"ఇప్పుడే స్టెంటు వేసేద్దాం. రెండు రోజులుండాలి."

మురిపెం కాస్తా ఎగిరిపోయింది. "కుదర్దమ్మా. తెల్లారేసరికి నాను ఊళ్ళో ఉండాల. తీగ బేగి లాగేయ్, బస్సుంది."

ఎంత చెప్పినా వినడు. కాళ్ళు కదుపుతాడు, తల ఎత్తుతాడు. ఆఖరికి డాక్టరమ్మ నాకు గౌను తొడిగించి లోపలికి పిలిపించింది. ప్రభువా, ఈ మనిషికి కాస్త నిదానం ఇయ్యి అనుకుంటూ వెళ్ళాను.

"అన్నయ్యా, ప్రాణం కన్నా ఆ టార్చి తిరుగుడు ఎక్కువైపోయిందా?"

చెవి దగ్గరకు రమ్మని సైగ చేశాడు.

"పైడితల్లప్ప కుండలో ఏనాడూ పాచి లేదురా. ఆవిడ మోకాళ్ళు పోయి మూడేళ్ళయింది, మెట్లు దిగలేదు. సాయానికొచ్చానంటే గుమ్మం ఎక్కనివ్వదు."

నేను ఇంకాస్త వంగాను.

"ఇక్కడ డాలీ ఉంది గదా, నువ్వు బస్సెక్కు. నా టార్చి నీ జేబులోనే ఉంది. తెల్లారగానే ఎల్లి కుండలో ఎయ్యి. పాచి ఉందని సెప్పి నీళ్ళు పట్రా. తిడతాది, పడు." కళ్ళు మూసుకుని కుదురుగా పడుకోబోయి, మళ్ళీ తెరిచాడు. "తిట్టలేదనుకో, నాకు బేగి ఫోన్ సెయ్యి."