తొమ్మిది వందల పదమూడో షాట్

మా మినోవా కోజీ ఇరవై ఏడేళ్ళలో నాలుగు వందల మందిని చంపాడు. కొందరిని కత్తితో, ఇద్దరిని విషంతో, ఒకణ్ణి ఏకంగా పిడుగుతో. చివరికి ఒక లోయకు లోయనే ఇళ్ళతో సహా నీళ్ళలో ముంచేశాడు. ఇంత చేసినా ఆ మనిషి చేతికి అంటింది పెన్సిలు మసి ఒక్కటే. పోలీసులు ఒక్కసారీ రాలేదు. పైగా జనం టిక్కెట్లు కొనుక్కుని వచ్చి చూసి, చచ్చినవాళ్ళను వదిలేసి చంపినవాడి కోసం ఏడ్చి వెళ్ళేవారు.

బొమ్మల సినిమాల్లో దుర్మార్గుల్ని గీయడం ఆయన పని. ఒగికుబో స్టేషను వెనక, లాండ్రీ పైన రెండో అంతస్తులో ఉండేది మా స్టూడియో. కథానాయికను గీయడానికి పదిమంది పోటీ పడేవారు. చెడ్డవాడు రాగానే మాత్రం అందరి తలలూ ఆయన బల్లవైపు తిరిగేవి. ఆ బల్లమీద అరచేయంత అద్దం. అందులో చూసుకుంటూ పళ్ళు కొరికేవాడు, ముక్కుపుటాలు ఎగరేసేవాడు, ఆ ముఖాన్నే కాగితం మీద పెట్టేవాడు. నూడుల్స్ తెచ్చే పిల్ల ఒకసారి ఆ అద్దంలో ముఖం చూసి, గిన్నె అక్కడే వదిలేసి పారిపోయింది. గిన్నె పగల్లేదు, నూడుల్స్ నేను తిన్నాను.

నా సంగతీ చెప్పాలి కదా. బొమ్మల బడి రెండో విడతలోనే మానేశాను. నాకు నేర్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. రిజిస్టరులో వాళ్ళు వేరే కారణం రాసుకున్నారు, అది వాళ్ళిష్టం. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక ఈ స్టూడియోలో సంచీలు మోసే పనిలో చేరాను. గీసిన ప్రతి షాటు కాగితాలనూ ఒక కాగితం సంచీలో పెట్టి, మీద నంబరు వేస్తారు. ఆ సంచీని ఒక బల్ల దగ్గర అందుకుని, వ్యానులో ఊరంతా తిరిగి ఇంకో బల్లకు చేర్చాలి. తుఫానులో సంచీని నెత్తిన పెట్టుకుని నది ఈదానని అందరికీ చెబుతుంటాను. నది మోకాలి లోతే, అయినా నదే కదా. మా పనికి సూత్రం ఒక్కటే. చేతికొచ్చిన సంచీని గీసినవాడికి తిరిగి ఇవ్వకూడదు. ఇచ్చావా, ఇక అది ఈ జన్మకు రాదు.

ఆ ఏడు మా దర్శకురాలు షిరాకురా గారు మొదలుపెట్టిన సినిమాలో ఒక నీటి అధికారి ఉన్నాడు. గడ్డి టోపీ పెట్టుకుని లోయలో ఇంటింటికీ తిరిగి, ఊరు ఖాళీ చేస్తామన్న కాగితం మీద ఒక్కొక్కరి చేతా, సంతకానికి బదులు, పేరు చెక్కిన ముద్ర వేయిస్తాడు. తర్వాత ఆనకట్ట తలుపులు మూయిస్తాడు. ఊరు మునుగుతుంది. దిగువన ఏటా వరదల్లో పిల్లల్ని పోగొట్టుకునే పట్నం బతుకుతుంది.

"ఇంతకీ వీడు చెడ్డవాడా, మంచివాడా?" అని అడిగాను.

"నా సినిమాలో చెడ్డవాళ్ళు లేరు సునాగా. తలా ఒకదాన్ని కాపాడుకోవాలనుకునేవాళ్ళే అందరూ."

"మరి టిక్కెట్టు కొన్నవాడు ఎవణ్ణి తిట్టుకోవాలండీ?"

"ఇంటికెళ్ళి అద్దంలో చూసి తిట్టుకోమను."

మినోవా నవ్వలేదు. షాట్లన్నీ వరసగా గీసిపెట్టిన కథాబొమ్మల పుస్తకాన్ని మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు.

కారణం నాకు వారం తర్వాత మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది. గిఫు కొండల్లో ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు ఒక చెరువు అడుగున ఉంది. ఆ ఊళ్ళో ఇంటింటికీ తిరిగి ముద్రలు వేయించింది ఆయన కన్నతండ్రి తొకుజీ. పంచాయితీ ఆఫీసులో గుమాస్తా. ముద్ర వేసే ముందు దాని మీద నోటితో 'హా' అని ఆవిరి పట్టేవాడట, సిరా బాగా అంటాలని. కొత్త ఊరికి మారాక ఆయన పక్కన క్షవరానికి కూడా ఎవరూ కూర్చునేవారు కాదు. బళ్ళో కోజీని "ఊరు ముంచినోడి కొడుకా" అనే పిలిచేవారు. పద్దెనిమిదేళ్ళు రాగానే ఇల్లు వదిలి వచ్చేశాడు. అప్పటినుంచి తండ్రితో మాటల్లేవు. ముప్పై ఒక్క ఏళ్ళు.

"ఒక్కసారీ ఫోను చెయ్యలేదా?" అన్నాను.

"మా అక్క చేస్తుంది. నాన్న పక్కనే ఉంటారు. మాట్లాడరు. నేనూ మాట్లాడను."

"అంత పంతమేంటండీ!"

"పంతం కాదు." నూడుల్స్ గిన్నె పక్కకు జరిపాడు. "ఖాళీ చేసే రోజు లారీ ఎక్కేశాం. నాన్న ఒక్కరే లోపలున్నారు. పిలుచుకొద్దామని వెళ్ళాను. గుమ్మంలో మా నానమ్మ చెక్క చెప్పులున్నాయి, ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెప్పుల్ని బయటికి తిప్పి జతగా పెడుతున్నారు, ఆవిడ వచ్చి తొడుక్కోడానికన్నట్టు. నాకు పదేళ్ళు. 'ఎవరు తొడుక్కుంటారు, చేపలా?' అన్నాను."

"ఏమన్నారు?"

"లేచారు. తాళం వేశారు."

అప్పటికే తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు. వానాకాలం దాటడం కష్టమన్నారట డాక్టర్లు. సినిమా విడుదల జూలై చివర. మినోవా షిరాకురా గారి దగ్గరికి వెళ్ళి ఒక్క షాటు అడిగాడు. తలుపులు మూయించే ముందు ఆ అధికారి ఒక ఖాళీ ఇంటి గుమ్మంలో ఆగి, ఎవరో వదిలేసిన చెప్పుల్ని బయటికి తిప్పి పెట్టాలి. తొమ్మిది సెకన్లు. ఆవిడ ఒక్క క్షణం ఆయన్ను చూసి, నంబరు వేసి ఇచ్చింది. తొమ్మిది వందల పదమూడు.

"నోటితో క్షమించమని అడగడం నాకు రాదు సునాగా," అన్నాడు మినోవా. "గీసి అడుగుతాను."

ఇక మొదలైంది. నెలరోజులపాటు స్టూడియో గుమ్మంలో ఎవరి చెప్పులు విడిచినా క్షణంలో జతగా బయటికి తిరిగి ఉండేవి. ఆయన అక్కడ మోకాళ్ళ మీద వంగి, ముందు అద్దం పెట్టుకుని, చెప్పులు తిప్పి, లేచి, పరుగున బల్లకు పోయి గీసేవాడు. కింద లాండ్రీ ముసలాయన మెట్లెక్కి వచ్చి, "ఇదేదో గుడి అనుకుంటున్నారు మా ఖాతాదార్లు," అని గొడవపడి, దిగేటప్పుడు తన చెప్పులు సర్ది ఉండటం చూసి వంగి దణ్ణం పెట్టి వెళ్ళాడు. మా వీధి పిల్లులు కూడా ఆ నెలంతా ముందుకాళ్ళు జతగా పెట్టుకునే కూర్చున్నాయని నేనంటాను. ఎవరూ నమ్మరు.

మే మొదటివారంలో సంచీ నా చేతికిచ్చాడు. మెట్లమీదే తెరిచి చూశాను. బొమ్మల గురించి నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు కాబట్టి చెబుతున్నాను, ఆ షాటుకు ఇంకేమీ చేయనక్కర్లేదు. ఆ వీపు ఒక్కటే చాలు.

మర్నాడు పొద్దున్న నా వ్యాను దగ్గరికి వచ్చాడు.

"సునాగా, ఆ సంచీ ఒకసారి ఇవ్వు."

"ఇవ్వకూడదండీ. మీకు తెలుసుగా."

"మోకాలు తప్పు. నలభై ఏళ్ళ మనిషి మోకాలు అలా వంగదు. వయసైనవాడిలా గీశాను. నాన్నకు తెలిసిపోతుంది."

"ఏం తెలుస్తుంది?"

"ఇప్పుడున్న ముసలి ఆయన్ను ఊహించుకుని గీశానని. అప్పటి ఆయన్ను నేను సరిగా చూడలేదని."

ఇంకొక్క వారం అన్నాడు. మా వాళ్ళంతా అనే మాటే అది. ఆ మాట నమ్మి చెడిపోయిన సంచీలవాళ్ళ కథలు నేనే కొత్తవాళ్ళకు చెబుతాను. అయినా వ్యాను తలుపు తీసి సంచీ ఇచ్చేశాను. పాత కాగితాలన్నీ అక్కడే, నా కళ్ళముందే చింపాడు.

వారం అయిదు వారాలైంది. జూన్ రెండో సోమవారం మిగతా సినిమా అంతా పూర్తయి మొదటి కూర్పు డిస్కు చేతికొచ్చింది. సినిమా మొత్తంలో ఒక్కటే ఖాళీ. అక్కడ నంబరు రాసిన తెల్ల కాగితం తొమ్మిది సెకన్లపాటు నిలబడి ఉంటుంది. ఆ మంగళవారం పదకొండు గంటలకు ఆయన అక్క ఫుసాయే ఫోను చేసింది.

"కోజీ, వచ్చెయ్. సినిమా అవలేదు, గినిమా అవలేదు అనకు. ఇవాళే రా."

షిరాకురా గారు డిస్కు తీసి ఆయన చేతిలో పెట్టింది. అసలు కూర్పు గడప దాటకూడదు. ఆవిడ ఆ మాట ఎత్తలేదు. సొరుగులో కొత్త మోకాలితో పదకొండు కాగితాలున్నాయి. వాటిలో చెయ్యి ఇంకా చెప్పును చేరలేదు.

"అవి కూడా తీసుకోండి," అన్నాను. "వేళ్ళతో తిరగేసి చూపిద్దాం."

"చెయ్యి చెప్పుదాకా పోని బొమ్మ చూపించి ఏమని అడగను?" అన్నాడు.

వ్యాను నేనే నడిపాను. అయిదు గంటల దారిని మూడు గంటల్లో. దారిలో ఆయన అన్నది ఒక్కటే మాట, "ఆ సంచీ నువ్వు ఇవ్వకపోతే బాగుండేది." తిట్టినట్టు కూడా లేదు. వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడు.

ఆసుపత్రి గదిలో ఫుసాయే టీవీకి డిస్కు పెట్టింది. తొకుజీ గారు దిండ్లకు ఆనుకుని చూస్తున్నారు. తెరమీద గడ్డి టోపీ మనిషి ముద్ర మీద 'హా' అని ఆవిరి పట్టినప్పుడు ఫుసాయే కిటికీవైపు తిరిగిపోయింది. ముసలాయన మాత్రం చూపు తిప్పలేదు. ఒక్కొక్క గుమ్మం, ఒక్కొక్క ముద్ర, వెనకనుంచి పిల్లలు విసిరే రాళ్ళు. తన ముఖమే. తన టోపీయే. తర్వాత తెల్ల కాగితం వచ్చింది. తొమ్మిది వందల పదమూడు.

అప్పుడు మినోవా గోడ దగ్గర్నుంచి కదిలి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తండ్రి చెప్పులు రెండూ తీసి, బయటికి తిప్పి, జతగా పెట్టాడు. సరిగ్గా తొమ్మిది సెకన్లు. మోకాలు సరిగ్గా వంగింది. ముసలాయన చెయ్యి కొడుకు తలమీద పెట్టి, "చేపలకు బాగుంటాయిలే," అన్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడి చూశాను.

తొకుజీ గారు శుక్రవారం తెల్లవారుజామున పోయారు. విడుదలకు ముందు మినోవా ఆ షాటును రెండు రోజుల్లో పూర్తిచేసి ఇచ్చాడు. ఈసారి తిరిగి అడగలేదు. జనం సరిగ్గా అక్కడే ఏడ్చారు. ఆ చెడ్డవాడి కోసం మాకు సంచుల కొద్దీ ఉత్తరాలు వచ్చాయి. మా నాన్న గుర్తొచ్చాడని ఒకరు, మా ఆయన్ను క్షమించేశానని ఇంకొకరు. ఆయన ఒక్కటీ విప్పలేదు. హాలుకు వెళ్ళి సినిమా చూడనూ లేదు. దుర్మార్గుల్ని గీయడం మానేశాడు. ఇప్పుడు వాన గీస్తున్నాడు, గొడుగులు, బస్సు కోసం నిలబడ్డ జనం వీపులు.

"నన్ను గీస్తే ఏ వేషం ఇస్తారు?" అని ఒకరోజు అడిగాను. సంచీ తిరిగి ఇచ్చినవాణ్ణి కదా.

"నిన్ను గీయడం కష్టం. నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది," అన్నాడు.

ఇదంతా రాసి పోయిన వారం ఆయన బల్లమీద పెట్టాను. మాలో ఒకరి బొమ్మను ఇంకొకరు దిద్దాలంటే దానిమీద పల్చటి పసుప్పచ్చ కాగితం పరిచి, తప్పున్న చోట మాత్రం గీసి ఇస్తారు. నా కాగితాలు మర్నాడు తిరిగొచ్చాయి. ఆసుపత్రి గది ఉన్న ఒక్క పేజీ మీదే పసుప్పచ్చ కాగితం ఉంది. దానిమీద పెన్సిలుతో ఇలా ఉంది:

"సునాగా గదిలో లేడు. కింద వ్యాను దగ్గర ఉన్నాడు. నేను చెప్పులు సర్దలేదు, నిలబడే ఉన్నాను. తెల్ల కాగితం రాగానే 'అయిపోయిందా?' అని అడిగారు నాన్న. అయిపోయిందన్నాను. టీవీ ఆపేశాను."