గౌరమ్మ లేని శనివారాలు

మా వాడలో బతుకమ్మ ఏడాదికి తొమ్మిది రోజులే. నిరుడు మాఘమాసం నుంచి అది ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి కూడా రావడం మొదలుపెట్టింది. ఆ రావడంలో నా చెయ్యి ఉంది కాబట్టి ఈ సంగతి చెప్పాల్సింది కూడా నేనే.

మేము వరంగల్ కోటలో ఉంటాం. కోట అనగానే బయటివాళ్ళకు నాలుగు రాతి తోరణాలు, విరిగిన శిల్పాలు గుర్తొస్తాయి. వాటి చుట్టూ ఊరుందని, అందులో మనుషులు పొలాలు దున్నుకుంటూ, బర్రెల్ని కట్టేసుకుంటూ, కరెంటు బిల్లులు కట్టుకుంటూ బతుకుతారని వచ్చి చూస్తే గాని తెలియదు. వచ్చి చూసినా కొందరికి తెలియదు. మా ప్రహరీ గోడ రాళ్ళు చూసి ఇది ఏ రాజు కట్టించాడని ఒకాయన అడిగాడు. మా మామగారు కట్టించారని చెప్పాను. ఆయన శ్రద్ధగా ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

మునుపు వచ్చేవాళ్ళతో నాకు పేచీ లేదు. బిర్యానీ పొట్లాలు, నీళ్ళ సీసాలు మా గుమ్మాల ముందు పడేసిపోయేవాళ్ళు. మేము బతుకమ్మ ఆడుతుంటే ఫోన్లు పట్టుకుని నడుమకు చొరబడేవాళ్ళు. వాళ్ళను నోరారా తిట్టేవాళ్ళం. ఆ తిట్టడంలో ఒక సుఖం ఉండేది, అది ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాత మర్యాదస్తులు వచ్చారు. హైదరాబాద్ నుంచి ఒక చిన్న సంస్థ, దాన్ని నడిపే ముప్పై ఏళ్ళ అమ్మాయి. మేమంతా ఆమెను మేడం అనేవాళ్ళం, ఆమె మమ్మల్ని అక్కా అనేది. బాధ్యత గల పర్యాటకం అని ఆమె చెప్పిన మాట మొదట్లో నాకు ప్రభుత్వ ప్రకటనలా వినిపించింది గాని, ఆమె చేసి చూపించింది. ఆమె తెచ్చే పది పన్నెండు మంది ప్లాస్టిక్ సీసాలు తేరు. అడగకుండా ఫోటో తీయరు. మా ఇళ్ళల్లో వండిన జొన్నరొట్టె, పప్పు తింటారు, తిన్న పళ్ళెం తామే కడుగుతారు. చెరువులో ఏదీ వెయ్యరు. మా కష్టానికి ఇవ్వాల్సింది ఏ రోజుకారోజు ఇచ్చేసేది. ఇంతవరకూ నేను ఆమె మీద చెప్పగల ఫిర్యాదు ఒక్కటీ లేదు. అదే వచ్చిన చిక్కు. కసిరే మనిషికి కాదని చెప్పొచ్చు గాని, చేతులు కట్టుకుని "మీకు ఇష్టమేనా" అని అడిగే మనిషికి చెప్పాలంటే నోరు రాదు.

నేను పదిహేడేళ్ళు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాను. ఆ బడి మూతపడింది. చేతిలో మిగిలింది ఇంగ్లీషు ఒక్కటే. వచ్చినవాళ్ళ మాట మావాళ్ళకు, మావాళ్ళ మాట వాళ్ళకు చెప్పే పని నాకు అప్పజెప్పారు. మాఘంలో మేడం ఒకరోజు, శనివారం శనివారం ఆడవాళ్ళు కాసేపు బతుకమ్మ ఆడి చూపించగలరా అని అడిగింది. ఇష్టం లేకపోతే వద్దని కూడా అంది. నేను అడిగి చూస్తానన్నాను.

అడగాల్సింది వాడనందరినీ కాదు, మా పెద్దమ్మను. ఆమె మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. నలభై ఏళ్ళుగా మా వాడలో పాట అందుకునేది ఆమే. ఎవరి మొహమూ చూడదు. కొంగు నడుముకు దోపుకుని, కళ్ళు మూసుకుని, ఉన్నట్టుండి అందుకుంటుంది. అప్పటిదాకా చీరల సంగతి, కోడళ్ళ సంగతి మాట్లాడుకుంటున్న వాళ్ళంతా వలయంలోకి వచ్చేస్తారు. ఆమె అందుకోనిదే మా దగ్గర బతుకమ్మ మొదలుకాదు. ఆ కళ్ళు మూసుకోవడాన్నే నేను పాడుచేశాను.

మిగతా ఆడవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. మాఘంలో బతుకమ్మేమిటి, జనం నవ్విపోతారన్నారు. పెద్దమ్మ మూడు రోజులు ఆలోచించింది. నా ఉద్యోగం పోయిందని ఆమెకు తెలుసు. నాలుగో రోజు పొద్దున మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది.

"గౌరమ్మను వెట్టకుంటే ఐపాయె బిడ్డా. గౌరమ్మ లేకుంటే అయి ఉత్త పూలే. పూలు పేర్సుడు తప్పు గాదు."

తెలియనివాళ్ళ కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. తాంబాళంలో పూలన్నీ వరుసల మీద వరుసలుగా పేర్చాక, కొన మీద పసుపు ముద్దను చిన్న గోపురంలా చేసి పెడతాం. అదే గౌరమ్మ. దాన్ని పెట్టేదాకా అవి పూలు. పెట్టాక ఇంటికొచ్చిన ఆడబిడ్డ. ఇక మన తీరిక చూసుకుంటే కుదరదు. ఆడాలి, పాడాలి, పొద్దుగూకే వేళకు నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి సాగనంపాలి, వెనక్కు తెచ్చుకున్న పసుపు పుస్తెలకు రాసుకోవాలి. పెద్దమ్మ చెప్పిన దారిలో ఇదంతా తప్పిపోతుంది. నా కోసం ఆమె వెతికి పట్టుకున్న సందు అది. వచ్చినవాళ్ళకు ఈ తేడా చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్ళే వద్దనేవాళ్ళేమో.

అలా ఆరు నెలలు నడిచింది. ఆ కాలంలో బతుకమ్మకు పేర్చే తంగేడు ఉండదు, గునుగు ఉండదు. బజారు నుంచి తెచ్చిన బంతిపూలే కింద నుంచి కొన దాకా. వచ్చినవాళ్ళలో ఒకామె పుస్తకంలో రాసుకుంది, పసుపురంగు ఈ ప్రాంతపు సంప్రదాయమని. అరగంట ఆట, తర్వాత మజ్జిగ, ఆ తర్వాత వచ్చినవాళ్ళే తమ చేతులతో ఆ పూలను మా పెరట్లోని ఎరువు గుంతలో వేసి పైన ఎండుటాకులు కప్పేవాళ్ళు. ఏదీ వృథా పోకూడదన్నది మేడం నియమం. మంచి నియమమే. ఆ ఎరువుతో మా బీరపాదు బాగా కాసింది.

నన్ను అలసట పట్టింది ఆటతో కాదు, మాటలతో. ప్రతి శనివారం అవే ప్రశ్నలు. ఆడుతుంటే మనసుకు ఎలా ఉంటుంది? ఆ అమ్మవారిని ఏం కోరుకుంటారు? పెద్దమ్మ ఒకసారి తన మోకాళ్ళ నొప్పులు తగ్గాలని కోరుకుంటానంది. నేను వానలు, పంటలు అని చెప్పాను. అందరూ తలలూపారు. ఇంకోసారి ఇదే ప్రశ్నకు ఆమె, ఈళ్ళు జర జల్ది లేస్తే పొయ్యి ముట్టిచ్చుకుంట అంది. అప్పుడు నేనేం చెప్పానో కూడా గుర్తులేదు. మొదట్లో ఇద్దరం తర్వాత తల్చుకుని నవ్వుకునేవాళ్ళం. వేసవి వచ్చేసరికి నవ్వడం మానేశాం. పాట మధ్యలో నేను గడియారం చూడటం, నేను చూశానని తెలిసి ఆమె పాటను ఉన్నచోటే ఆపెయ్యడం అలవాటైపోయింది.

శ్రావణంలో నాలుగు వానలు పడ్డాయి. ఒక శనివారం మాలో ఒకామె కోట చుట్టూ ఉన్న మట్టిగోడ అవతలి చేనుకు పోయి, ఒడినిండా తంగేడు, గునుగు తెచ్చింది. బజారు పూలు తగ్గాయి, వీటితో పేర్చమని పెద్దమ్మ ముందు పోసింది. నేను వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయిస్తూ అటు చూడలేదు. చూసేసరికి ఆమె పేర్చడం అయిపోయింది, కొంగు దోపుకుంది, కళ్ళు మూసుకుంది, పాట అందుకుంది.

రెండో చుట్టులో ఆడుతున్న ఒకామె నా మోచేతిని పొడిచి బతుకమ్మ వైపు చూపించింది. కొన మీద గౌరమ్మ ఉంది.

వచ్చినవాళ్ళకు బొట్టు పెట్టడానికి పక్కనే పసుపు కుంకుమల పళ్ళెం ఉంచుతాం. ఆరు నెలలు బంతిపూలు పేర్చిన చెయ్యి, తంగేడు తగలగానే తన పని తాను చేసుకుపోయింది. పెద్దమ్మకు ఆ సంగతి తెలియనే తెలియదు. ఆ రోజు ఆమె అరగంటకు ఆపలేదు. నేను గడియారం చూశాను, ఆమె నన్ను చూడలేదు. కిందటి బతుకమ్మ పండుగ తర్వాత అలాంటి గొంతు మళ్ళీ ఆ రోజే విన్నాను. ఆడవాళ్ళందరికీ విషయం తెలిసిపోయింది, ఎవరూ ఆగలేదు. పాట అయిపోయాక వచ్చినవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పటికి ఐదున్నర. బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. వాళ్ళకు కాజీపేటలో రైలుంది.

వాళ్ళలో ఒక పెద్దావిడ, ఎంతో నెమ్మదస్తురాలు, ప్రతిసారీ జరిగేటట్టే ఎరువు గుంతకు తీసుకెళ్దామని తాంబాళం ఎత్తుకుంది. పెద్దమ్మ కళ్ళు తెరిచింది. గౌరమ్మను చూసింది. తన వేళ్ళకున్న పసుపు చూసుకుంది.

"గౌరమ్మ కూసున్నది బిడ్డా. సెరువుకు తోల్కపోవాలె" అంది నాతో.

నేను మేడంకు విషయం చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది. ఈ చెరువులో ఏదీ వెయ్యకూడదని ఆమె పొద్దున్నే వాళ్ళందరికీ చెప్పింది. చెరువు దాకా పోయి రావాలంటే రైలు తప్పిపోతుంది. అయినా ఆమె నన్ను తొందరపెట్టలేదు. "మీరెలా అంటే అలా అక్కా" అంది. ఆ మాట అన్నాక, జరిగినదాన్ని నేను ఎవరి మీదకూ నెట్టలేను.

పొద్దున ఆరింటి నుంచి నిలబడి ఉన్నాను. కాళ్ళు లాగుతున్నాయి. వంటింట్లో అంట్లు నా కోసం ఎదురుచూస్తున్నాయి. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను రెండు వేళ్ళతో గౌరమ్మను ఎత్తి పక్కనున్న పళ్ళెంలో పెట్టేశాను.

"పసుపు ముద్దే గద పెద్దమ్మా" అన్నాను.

పెద్దావిడ పూలను గుంతలో వేసింది, నేర్పినట్టే ఎండుటాకులు జాగ్రత్తగా కప్పింది. పెద్దమ్మ పసుపు ముద్దను పళ్ళెంలోంచి తీసి కొంగున కట్టుకుంది. చెప్పులు వెతుక్కుని, ఒక్కతే చెరువు దారి పట్టింది. ఆ మోకాళ్ళతో ఆ దారి ఎంత దూరమో నాకు తెలుసు. వెనక పోవాల్సింది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే నా చేతులు పట్టుకుని, ఈ రోజు చాలా నిజంగా అనిపించిందని చెబుతున్నారు. నేను అందరికీ థాంక్యూ చెబుతూ నిలబడ్డాను.

మర్నాడు ఆమె మామూలుగానే మాట్లాడింది, బీరకాయలు అడిగి తీసుకెళ్ళింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. ఆ తర్వాతి శనివారం కూడా వచ్చింది. కానీ పూలు పేరుస్తుంటే ఆమె చేతులు మాటిమాటికీ ఆగిపోయాయి. కొన దాకా వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మిగతాది ఇంకొకామెను పేర్చమంది. పాట అందుకుంది గాని కళ్ళు మూసుకోలేదు. ఆ పై వారమూ అంతే. చేస్తున్నది పొరపాటవుతుందేమోనని తన చేతుల్ని తానే కాపలా కాస్తున్నట్టుంది.

అప్పటికి గాని నాకు ధైర్యం రాలేదు. మేడంకు ఫోన్ చేసి, ఇక బతుకమ్మ వద్దు, శనివారాలు రొట్టెలు చెయ్యడం నేర్పిద్దామన్నాను. ఆమె ఎందుకని కూడా అడగలేదు. తప్పకుండా అక్కా, ముందే చెప్పాల్సింది అంది. అంతే. ఆరు నెలల్లో ఏ రోజు చెప్పినా ఆమె ఇదే మాట అనేది. నా నోటి మొహమాటానికి పెద్దమ్మ చేతులు లెక్కచెప్పుకోవాల్సి వచ్చింది.

భాద్రపదం వచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వాడంతా ఎప్పటిలాగే మా ముందరి ఖాళీ జాగాలో చేరింది. ఆ రోజు ఏ బస్సూ లేదు, ఏ కుర్చీలూ లేవు. తంగేడు, గునుగు, కట్లపూలు, గుమ్మడిపూలు రాశులుగా ఉన్నాయి. పెద్దమ్మ గుమ్మడాకులు పరిచి వరుసలు పేర్చుకుంటూ పోయింది. చూస్తూ ఉంటే నాకు ప్రాణం కుదుటపడింది. అన్నీ సర్దుకున్నాయనుకున్నాను.

కొన దాకా వచ్చి ఆమె ఆగింది. పసుపు గిన్నె పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోకుండా తలెత్తి నన్ను వెతికింది.

"ఇయ్యాల గౌరమ్మను వెట్టుడున్నదా బిడ్డా?"

ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడవడం మా పెద్దమ్మకు చేతకాదు. నిజంగానే అడిగింది, నాకు తెలుస్తుందని. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. సిగ్గుతో ఒళ్ళంతా కాలినట్టయింది.

"ఉన్నది పెద్దమ్మా" అన్నాను. గిన్నె తీసి ఆమె చేతికిచ్చాను.

ఆమె పసుపు తడిపి, ముద్ద చేసి, గోపురంలా ఒత్తి, కొన మీద పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది. అందరూ వలయంగా నిలబడి ఆమె గొంతు కోసం ఆగారు. ఆమె కళ్ళు మూసుకోలేదు. నా మొహమే చూస్తూ నిలబడింది. నేను తల ఊపాక గాని పాట అందుకోలేదు.