ఒంగోలులో ఇచ్చొచ్చిన ట్రాన్స్‌మిటర్

పత్తి తీతలు మొదలైన రోజుల్లో నా ట్రాన్స్‌మిటర్ మూగబోయింది. పొద్దున ఏడింటికి ఎప్పటిలాగే సెట్టు పెట్టి, సరిచూసుకోడానికి మోర్స్ కీ నొక్కితే మీటరు ముల్లు కదల్లేదు. మళ్లీ నొక్కాను. కాలిన వాసన వచ్చింది. గబుక్కున స్విచ్చి కట్టేసి, వంటింట్లో ఉన్న మా ఆయన్ని కేకేశాను.

నేను చిలకలూరిపేటలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పరీక్ష రాసి, ఇంట్లోంచే దూరపు వాళ్లతో మాట్లాడుకునే హ్యామ్ రేడియోకు లైసెన్సు తెచ్చుకున్నాను. మేడ మీద కట్టిన ఏరియల్‌ని చూసి, బట్టలు ఆరేసుకోవడానికి అంత ఎత్తున తీగ ఎందుకని పక్కింటావిడ చాన్నాళ్లు అడుగుతూ ఉండేది.

ఆ ట్రాన్స్‌మిటర్ కొన్నది కాదు. రెండు వేసవి సెలవుల్లో మేమే తయారు చేసుకున్నాం. వైర్ల పని నాది, రేకు పని మా ఆయనది. ఆయన జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియను. మిల్లులో పనికిరాదని పడేసిన అల్యూమినియం రేకు అడిగి తెచ్చి, ఉలితో కన్నాలు కొట్టి, ముందు పలక చేశారు. దాని మీద ఒక్కో అక్షరమూ మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టి ‘శ్రుతి’, ‘బలం’ అని తెలుగులో రాశారు. ‘బలం’లో సున్నా కాస్త పక్కకు ఒరిగింది. ఎందుకు ఒరిగిందంటే, అప్పుడే నేను నవ్వించానట.

ఆ సెట్టుకు మొదట్నుంచీ ఒక లోపముంది. కీ నొక్కగానే ధ్వని ‘కుయ్’మని ఒక్క పిసరు కిందికి జారి, అప్పుడు నిలబడేది. ఎంత ప్రయత్నించినా పోగొట్టలేకపోయాను. నా పేరు చెప్పకముందే, ఆ కూత విని నన్ను గుర్తుపట్టేవాళ్లు.

పేటలో రేడియోలు బాగుచేసే షాపతను మూత తీసి చూసి, “వాల్వులా? మేడమ్, ఇది ముట్టుకుంటే నాకే షాక్ కొట్టేట్టుంది” అని చేతులెత్తేశాడు. నాకు బెంగ కలగలేదు. ఒంగోలులో అన్నయ్య ఉన్నాడు కదా అనుకున్నాను.

తోడబుట్టిన అన్నయ్య కాదు. రేడియోలో దొరికిన అన్నయ్య. గ్రానైట్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేశాడు. ఇరవై ఏళ్లకు పైగా ఏ రోజూ తప్పకుండా ఏడింటికి మైకులో పలకరించుకునేవాళ్లం. మిర్చి ఎండబెట్టినప్పుడు ఇక్కడ మబ్బు పట్టిందో లేదో, అక్కడ కరెంటుందో లేదో, ఇవే కబుర్లు. కళ్లారా చూసుకున్నది మాత్రం మూడు నాలుగుసార్లే.

ఆయన మీద నాకంత గురి ఎందుకో చెప్పాలి. ఒకసారి పాఠాలు చెప్పీ చెప్పీ నా గొంతు పూర్తిగా పోయింది. నెల రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు డాక్టరు. ఆ సంగతి మా ఆయన ఫోన్లో చెబితే, అన్నయ్య “అయితే కీ కొట్టమనండి బావగారూ, నేను వింటాను” అన్నాడట. ఆయన మోర్స్ వదిలేసి ఏళ్లయింది. నా కోసం మళ్లీ నేర్చుకున్నాడు. నెల రోజులూ నేను చుక్కలూ గీతలూ కొడుతుంటే, తప్పులు తడకలుగా జవాబు కొట్టేవాడు. ఇంట్లో పలకా బలపంతో గడిపినదాన్ని, ఆయనతో మాత్రం కడుపు నిండా మాట్లాడాను. ఈ సెట్టుతోనే.

అందుకే సెట్టును పాత దుప్పట్లో చుట్టి, ఇద్దరం బస్సెక్కి ఒంగోలు వెళ్లాం. వదిన భోజనం పెట్టింది. అన్నయ్య మూత తీసి, లోపలికి తొంగిచూసి, “ఎంత నీటుగా చేశావమ్మా!” అన్నాడు. నిజంగా మురిసిపోయాను. “నెల రోజులు నాకొదిలెయ్. దీన్ని పలికించే పూచీ నాది.”

నెల అయింది. కండెన్సర్లు దొరకట్లేదన్నాడు. రెండో నెల వదినకు జ్వరమన్నాడు. నేను పొద్దున్నే రిసీవరు పెట్టుకుని వింటూనే ఉన్నాను. అది వేరే పెట్టె, బాగానే పనిచేస్తోంది. నేను జవాబివ్వలేనని తెలిసినా ఆయన ఏడింటికి రేడియోలోకి వచ్చి, “చెల్లెమ్మా, వింటున్నావని తెలుసు, శుభోదయం” అనేవాడు. నాలుగో నెలలో ఫోను చేశాడు.

“ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయిందమ్మా. దాంతోపాటు లోపల సగం పోయింది. ఇక ఆశ వదులుకో. అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టాను. ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లు.”

ఆ రోజు అన్నం సయించలేదు. “పోనీలే, పెద్దాయన అంత కష్టపడ్డాడు” అని మా ఆయనే నన్ను ఓదార్చారు.

మూడో రోజు. పది గంటలవుతోంది. మేడ మీద పరిచిన మిరపకాయలు తిరగేసి వచ్చి, ఊరికే రిసీవరు పెట్టాను. ఎవరో మోర్స్ కొడుతున్నారు. కుయ్. కుయ్. అది నా సెట్టు. వెయ్యి ధ్వనుల్లో వినిపించినా పోల్చుకుంటాను. కొడుతున్న చెయ్యి కూడా తెలుసు. గీతను అవసరానికి మించి సాగదీసే ఆ చేతినే నెల రోజులు విన్నాను.

ఎక్కడో కన్నడ దేశంలో ఉన్న ఒక పెద్దాయనతో మాట్లాడుతున్నాడు. ఆ పెద్దాయన సెట్టేమిటని అడిగాడు. అన్నయ్య ఒక్కో అక్షరం తీరిగ్గా కొట్టాడు. ఇంట్లో తయారు చేసింది. వాల్వులది. వయసులో ఉండగా నా చేత్తో చేసుకున్నాను.

పెద్దాయన అభినందనలు కొట్టాడు. అన్నయ్య ధన్యవాదాలు కొట్టాడు.

మా ఆయనకు చెబితే ముందు నమ్మలేదు. “నీ చెవులకే అలా అనిపించిందేమో” అన్నారు. మర్నాడు ఆయన్నీ కూర్చోబెట్టి వినిపించాను. విని, లేచి చొక్కా వేసుకున్నారు.

ఫోను చేయకుండా వెళ్లాం. వదిన తలుపు తీసి, మమ్మల్ని చూసి సంతోషంగా లోపలికి రమ్మంది. పాపం, ఆవిడకేమీ తెలియదు. ముందు గదిలో బల్ల మీద ఉంది సెట్టు. కొత్త పలక. నల్లరంగు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, పైన ఆయన రేడియో గుర్తు, కాల్‌సైను. అన్నయ్య బనీనుతో లోపల్నుంచి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయిందన్నావు కదా అన్నయ్యా” అన్నాను.

“కూర్చోమ్మా, చెబుతాను.”

“కూర్చోను.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “బాగుచేశాక టెస్టు చేద్దామని రేడియోలో పిలిచాను. ఎవరో ఎవరు చేశారని అడిగారు. నోరు జారింది. ఆ ఒక్కడితో ఆగలేదమ్మా. తర్వాత అందరూ దాని గురించే అడిగేవాళ్లు. నన్ను అంతగా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇక వెనక్కి ఎలా తీసుకోను?”

“అందుకని నాకు చచ్చిపోయిందని చెప్పావా?”

అప్పుడు ఆయనకు కోపం వచ్చింది. “చచ్చిన సెట్టే కదా తెచ్చావు! ఎవరు బతికించారు? కళ్లు పోయేలా కూర్చుని ఒక్కొక్కటీ మార్చాను. సగం నాదే.”

“సగం నీదని ఒక్క మాట నాతో అనుంటే మొత్తం ఇచ్చేసేదాన్ని అన్నయ్యా.”

ఆయన తల దించుకున్నాడు. మా ఆయన అప్పటిదాకా గదంతా కళ్లతో వెతుకుతున్నారు. “బావగారూ, నేను కొట్టిన పలకేది?”

రెండోసారి గట్టిగా అడిగారు. వదినే చెప్పింది, “పాత రేకా అన్నయ్యగారూ? పాత సామాన్లవాడికి వేసేశారు, ఉగాదికి ముందు.”

మా ఆయన సెట్టును దుప్పట్లో చుట్టారు. మెట్లు దిగుతుంటే అన్నయ్య వెనకాల వచ్చి, “ఎవరికీ చెప్పొద్దమ్మా, నీకు దండం పెడతాను” అన్నాడు. బస్సు మద్దిపాడు దాటాక మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, “పని మాత్రం బాగా చేశాడు” అన్నారు. నాకు ఏడుపాగలేదు.

నిజంగానే బాగా చేశాడు. ప్రతి అతుకూ ముత్యంలా ఉంది. ఆ కూత ఒక్కటే పోగొట్టలేకపోయాడు. అదీ పోగొట్టి ఉంటే నాకు ఈ జన్మకు తెలిసేది కాదు.

నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన అడిగాడని కాదు, చెప్పడానికి నోరు రాలేదు. కొన్నాళ్లకు కీ నొక్కి పిలిస్తే, ఆ కన్నడ పెద్దాయనే పలికాడు. రెండు మాటలయ్యాక, మీ ధ్వని ఒంగోలు మిత్రుడి సెట్టులా ఉంది, ఆయన మీకిచ్చారా అని అడిగాడు. లేదు, నేను తయారు చేసిందే, అని కొట్టాను. ఆయన మర్యాదగా వాతావరణం గురించి అడిగి, సెలవు తీసుకున్నాడు. నమ్మాడో, ఇంకొకరి సెట్టును నాదని చెప్పుకున్నాననుకున్నాడో తెలియదు. నా వస్తువు గురించి నిజం చెప్పి నేను దొంగలా కూర్చున్నాను.

ఏడింటికి రిసీవరు పెట్టడం మానేశాను. పండక్కి వదిన ఫోను చేస్తే మాట్లాడాను. ఆయనకు ఫోనిమ్మని నేను అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు.

మొన్న మళ్లీ సెట్టు ఆగిపోయింది. ఈసారి ఎవరి దగ్గరికీ తీసుకెళ్లలేదు. కళ్లద్దాల మీద భూతద్దం పట్టుకుని నేనే విప్పాను. మా ఆయన టార్చి పట్టుకున్నారు. వణికే చేతులతో మూడు రోజులు పట్టింది. ఒక కండెన్సరు తీసి కొత్తది వేశాను. ముల్లు లేచి నిలబడింది. ఆ సంతోషంలో ఈ వయసులో నేనే అతికానని చెప్పుకోవాలనిపించింది. అతుకు వేయడమంటే ఏమిటో తెలిసిన మనిషికి చెప్పుకోవాలనిపించింది. ఫోను చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, బల్ల మీద పెట్టేశాను.