పిన్ని మడత కుర్చీ

మా పిన్నికి ఓడిపోయేవాళ్ళంటే ప్రాణం. షటిల్ పోటీ ఎక్కడ జరిగినా ఇనప మడత కుర్చీ చంకన పెట్టుకుని వచ్చేస్తుంది. స్కోరు చూసి, వెనకబడినవాళ్ళ వైపు వేసుకుంటుంది. స్కోరు తారుమారైతే కుర్చీ ఈడ్చుకుంటూ రెండో వైపుకి పోతుంది. గెలిచేవాళ్ళ వైపు దూకేవాళ్ళని గోడమీది పిల్లి అంటారు. ఓడేవాళ్ళ వైపు దూకే మనిషిని ఏమనాలో ఎవరికీ తోచినట్టు లేదు.

ఆవిడ ఉద్యోగం కరెంటాఫీసులో, ఫిర్యాదుల కౌంటర్లో. అక్కడా అంతే. "మీరన్నది నిజమే, తప్పు మాదే" అని వచ్చినవాళ్ళ తరఫున మాట్లాడి, పైవాళ్ళచేత చీవాట్లు తింటుంది.

ఆడేది నేను, ఆవిడ సొంత అక్క కూతుర్ని. అయినా నేను నాలుగు పాయింట్లు ముందుకెళ్తే చాలు, కిర్రుమని కుర్చీ చప్పుడు. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

"నువ్వసలు ఎవరి పిన్నివి?" అన్నాను ఒకసారి.

"నీ పిన్నినే. గెలుస్తున్నావు కదే, ఇక నాతో పనేముంది?"

నాన్నతో చెప్పుకుంటే, "ఆటలాడితే ఓర్పు అలవడుతుందమ్మా" అన్నాడు. ఆరేళ్ళు ఆడాను. నాకు అలవడింది కోపమొక్కటే.

చివరికి జిల్లా జట్టులో ఒక్క చోటు మిగిలింది. దానికోసం నేనూ, పొరుగూరి నుంచి ఒంటరిగా బస్సులో వచ్చిన ఓ పిల్లా ఆడాం. మొదటి గేము నాది. కుర్చీ అటు పోయింది, నా నీళ్ళ సీసాతో సహా. రెండోది ఆ పిల్లది. కుర్చీ ఇటొచ్చింది. మూడోదాంట్లో ఇద్దరం పద్దెనిమిది దగ్గర నిలిచాం. పిన్ని కుర్చీ పట్టుకుని సరిగ్గా నెట్ దగ్గర ఆగిపోయింది.

"అమ్మా, అటో ఇటో కూర్చోండి," అన్నాడు అంపైరు.

"నేనూ అదే చూస్తున్నాను బాబూ. ముందు వీళ్ళని తేల్చుకోనివ్వండి."

హాలంతా నవ్వింది. నేను పళ్ళు కొరుక్కుంటూ సర్వీసు నెట్‌కి కొట్టాను. చివరికి రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాను.

అందరూ ఆ పిల్ల చుట్టూ మూగారు, మా కోచ్‌తో సహా. నేను మూలన కూలబడి, విప్పక్కర్లేని బూట్ల తాళ్ళు విప్పుతున్నాను. అప్పుడు వినబడింది, కిర్రుమని. ఆ చప్పుడు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పిన్ని నా పక్కన కుర్చీ వేసుకుంది. "ఆ పిల్లతో చెయ్యి కలిపావా?"

"లేదు."

"వెళ్ళి కలిపి రా. కుర్చీ ఎటూ పోదులే."

వెళ్ళాను. బాగా ఆడావని చెప్పాను. మనసొప్పకపోయినా చెప్పాను, చెప్పాక కొంచెం ఒప్పింది. తిరిగొచ్చేసరికి పిన్ని కింద కూర్చుని, కుర్చీ నాకు వదిలేసింది. కూర్చుని సీసా ఎత్తితే చుక్క నీళ్ళు లేవు.

"మొదటి గేములో ఆ పిల్ల ఓడిపోతోంది కదే," అంది పిన్ని. "దాహమేసింది, పాపం."